చూరందుకున్న ఆనప పాదు

మొన్న మద్దిలపాలెంలో కూరలు కొంటుంటే ఒక ఆనపకాయ తొడిమకు లేత ఆకు అంటుకుని ఉంది. నలిపి చూస్తే ఆ పచ్చి వాసన నన్ను మా ఊరికి తీసుకుపోయింది. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని ఊరంతా ఖాళీ చేస్తున్న రోజులవి.

పెదనాన్న వాళ్లు ఇల్లు విప్పి, దూలాలూ తలుపులూ ఎడ్లబండికెత్తుకుని వెళ్లిపోయారు. ఆ బండి చక్రం మా గుమ్మం పక్కనున్న ఆనప పాదు మీదుగా పోయింది. లేత తీగ చితికి నేలకు వాలిపోయింది.

అమ్మ పాత చీర పేలికతో దానికి కట్టు కట్టింది. చితికిన చోట తడిమట్టి కప్పి, పక్కన కంది కంప గుచ్చింది. నీళ్లు పోయడం నా పని. కొన్నాళ్లకు కణుపు దగ్గర చిగురు పుట్టింది. నాకు ధైర్యం వచ్చింది. వెళ్లిపోయేవాళ్లు పాదును బతికించుకుంటారా? మేం ఇక్కడే ఉంటామని తోటి పిల్లలందరికీ చెప్పేశాను.

పాదు చూరందుకుని తెల్లగా పూసింది. అప్పుడే నాన్న బండి తెచ్చాడు.

"అమ్మా, మనమూ ఎల్లిపోతన్నామా?"

"ఎల్తన్నామమ్మా."

"మరి దాన్నెందుకు బతికించేవు?"

అమ్మ నా చేతికి నీళ్ల చెంబు ఇచ్చింది. "మనం ఎల్లిపోతన్నామని దానికేటి తెల్సు? దాహమేత్తాది కదా. పోసీ."

పోశాను. ఊరు పోతుందని అమ్మకు మొదటినుంచీ తెలుసనీ, తను కాపాడుకోగలిగింది ఆ ఒక్క పాదునేననీ నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఊరు వదిలాక పెందుర్తిలో కట్టుకున్న ఇంటికి పెద్ద పెరడే ఉండేది. అమ్మ అందులో ఏ తీగా పెట్టలేదు.