అవతలి కొసకి వెళ్లొచ్చే బాబాయి

బాబాయికి ఒకటే జబ్బు. ఏ తీగనైనా ముట్టుకోవాలంటే ముందు దాని అవతలి కొసకి వెళ్లి కూచోవాలి. ఊరికే చూసి వచ్చేస్తే సరిపోదు, కూచోవాలి. కుర్చీ ఉంటే కుర్చీలో, లేకపోతే బల్ల అంచున, అదీ లేకపోతే బోర్లించిన బకెట్టు మీద. అక్కడ పనిచేసే మనిషిని అరగంట చూస్తాడు. టీ ఇస్తే తాగుతాడు, ఇవ్వకపోతే అడిగి తాగుతాడు. అప్పుడు పైకొచ్చి యంత్రంలో రెండు ముక్కలు టైపు చేస్తాడు. పనైపోతుంది. ఆ రెండు ముక్కలూ ఎవరైనా రెండు నిమిషాల్లో కొట్టేవే. బాబాయికి పూట పట్టేది.

ఆ యంత్రం పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, చల్లటి గదిలో, బీరువా అంత ఉండేది. యూనిక్స్ పద్ధతిలో నడిచే పాతకాలపు కంప్యూటరు. దాని వీపున ముప్ఫై రెండు పోర్టులు, అంటే తీగలు తగిలించే ముప్ఫై రెండు చోట్లు. ఒక్కో చోటి నుంచి ఒక్కో తీగ బయల్దేరి, గోడలు దూరి, మెట్లు దిగి, ఎక్కడో ఒక గదిలో ఓ తెరకో ప్రింటరుకో తగులుకుంటుంది. ఏ తీగ మీద అక్షరాలు ఎంత స్పీడుగా పోవాలో యంత్రంలో ఒక ఫైల్లో రాసిపెట్టాలి. అవతల ఉన్న తెరలోనూ అదే స్పీడు పెట్టాలి. రెండూ కలవకపోతే తెర మీద పిచ్చిగీతలు తప్ప ఏమీ రావు.

ఈ గదికి ఇన్‌చార్జి ఆయన సొంత అన్న కూతురు. చిన్నప్పుడు ఆయన భుజాలెక్కి తిరిగిన పిల్ల, చదువుకుని వచ్చి ఆయనకే పైఅధికారి అయింది. చేరిన మొదటి రోజునే నలుగురి ముందు నోరు జారి "బాబాయ్" అంది. ఆ పూటకే ఆసుపత్రి మొత్తానికి ఆయన బాబాయి అయిపోయాడు. ఆయన మాత్రం జనం ఉంటే ఆమెని "మేడం గారూ" అనేవాడు, తలుపు మూసుకోగానే "ఏమే" అనేవాడు.

ఒకసారి రెండో వార్డు ప్రింటరు సగం అక్షరాలు సరిగ్గా, సగం అక్షరాలు గుర్తుల్లాగా కొట్టడం మొదలుపెట్టింది. హెడ్ నర్సు ఫోన్ చేసి రంకెలేసింది. బాబాయి లేచి చొక్కా సర్దుకున్నాడు.

"ఎక్కడికి బాబాయ్? ఇక్కణ్ణించే మార్చొచ్చుగా."

"అవతల ఏమవుతోందో తెలియకుండా ఇవతల ఏం మార్చమంటావే?"

గంటన్నర తర్వాత వచ్చాడు. చేతిలో గాజుగుడ్డ అంటించే టేపు చుట్ట. "ఆవిడకి మోకాలి నొప్పి. పొద్దున్నే వంగలేక ప్రింటరు వెనక తడిమి తుడుస్తోంది. అక్కడున్న బుల్లి స్విచ్చులు గుడ్డకి తగిలి జరిగిపోతున్నాయి. వాటి మీద టేపు అంటించా."

"ఇక్కడేం మార్చాలి?"

"ఏం లేదు. అదే పెద్ద రిపేరు."

రక్తపరీక్షల గది కథ ఇంకా పెద్దది. అక్కడి తెర రోజూ పదకొండు గంటలకి చచ్చిపోయేది. కంపెనీ నుంచి మనిషి వచ్చి తీగ మార్చాడు, కార్డు మార్చాడు, నుదురు కొట్టుకుని వెళ్లిపోయాడు. బాబాయి మూడు రోజులు వెళ్లి కూచున్నాడు. నాలుగో రోజు రిపోర్టు రాశాడు: "లోపం ఉన్న పరికరం: కుర్చీ." పదకొండింటికి నమూనాల బుట్ట వస్తుంది. అక్కడి అమ్మాయి కుర్చీ వెనక్కి నెట్టి లేస్తుంది. కుర్చీ చక్రం తీగెక్కి కూచుంటుంది. బాబాయి తీగ జోలికి పోలేదు. కుర్చీని బల్లకి అటువైపు పెట్టొచ్చాడు.

ఇవన్నీ ఆయన ఎక్కడ రాసిపెట్టేవాడంటే, ఆ స్పీడుల ఫైల్లోనే. అందులో నాలుగు గీతల గుర్తు '#'తో మొదలయ్యే లైనుని యంత్రం చదవదు, దాటేసిపోతుంది. మనుషుల కోసం ఒకటో రెండో మాటలు రాసుకోడానికి ఆ వీలు పెట్టారు. బాబాయి దాన్ని డైరీ చేసేశాడు. ముప్ఫై రెండు లైన్లు ఉండాల్సిన ఫైలు తొమ్మిది వందల లైన్లయింది.

"ఐదో పోర్టు, మందుల గది. ఎడమచేతి వాటం మనిషి. కీబోర్డు కుడివైపుకి జరపకండి. తలకి గుడ్డ కట్టుకున్న రోజు అసలు పలకరించకండి."

"పదకొండు, బిల్లుల ప్రింటరు. కాగితం ఇరుక్కుంటే తిట్టొద్దు. తిడితే రెండోది ఇరుక్కుంటుంది. పరీక్షించి రాస్తున్నాను."

ఇంత రాసే మనిషి ఒక్క ఇరవై మూడో పోర్టు దగ్గర మాత్రం ఒకే మాట రాశాడు: "దీని స్పీడు మార్చొద్దు." అంతే. ఆ స్పీడు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. మిగతా తెరలన్నీ తొమ్మిది వేల ఆరు వందలు. ఇరవై మూడు డెబ్బై అయిదు. మిగతా తెర మీద పేజీ మొత్తం రెండు సెకన్లలో పడుతుంది. ఇరవై మూడులో సెకనుకి ఏడు అక్షరాలు, చీమల బారులాగా.

ఆ తీగ కింది అంతస్తులో ఉన్న దుప్పట్ల గదికి పోతుంది. ఏ వార్డుకి ఎన్ని దుప్పట్లు, ఎన్ని దిండు గలీబులు కావాలో ఆ తెర మీద జాబితా వస్తుంది. అక్కడుండే దుప్పట్ల పెద్దాయన ముప్ఫై ఏళ్లుగా ఒక్క గలీబు కూడా తేడా రాకుండా పంపిస్తున్నాడు. బాబాయి రోజూ మధ్యాహ్నం మూడింటికి యంత్రం ముందు కూచుని ఆ పోర్టుకి ఏదో టైపు చేసి పంపి, కిందకి ఫోన్ చేసేవాడు.

"ఏం వచ్చింది? ... ఊహూఁ, సరిగ్గా చూడండి. ... ఆఁ, మళ్లీ చెప్పండి. ... భేష్."

రెండేళ్లుగా ఇదే. మందుల గది ఆవిడ దొరికినప్పుడల్లా ఆటపట్టించేది. "ఇరవై మూడో పోర్టుకి ఇంకా పరీక్షలే జరుగుతున్నాయా బాబాయ్? మా తమ్ముడు డాక్టరీ కూడా ఇన్ని పరీక్షలు రాయలేదు."

"మీ తమ్ముడు కాపీ కొట్టుంటాడమ్మా. ఇది సొంతంగా రాస్తోంది," అనేవాడు బాబాయి.

అంతా బాగానే ఉండగా కొత్త యంత్రం వచ్చింది. సూపరింటెండెంటు గారు బాబాయి అన్న కూతుర్ని పిలిచారు. తీగలన్నీ కొత్తదానికి మారాలి. ప్రతి తెరా తొమ్మిది వేల ఆరు వందలైనా ఉండాలి, లేదా ఎందుకు లేదో కారణం రాసి ఆమె సంతకం పెట్టాలి. శనివారానికల్లా కావాలి.

"మీ బాబాయి మంచివాడే. కాదనను. కానీ ఒక్క పోర్టుని రెండేళ్లు పరీక్షించే మనిషిని ఏమనుకోవాలి? బయటి కంపెనీ వాళ్లు మొత్తం రెండ్రోజుల్లో చేసేస్తామంటున్నారు. మీ లిస్టులో కారణం లేని పోర్టు ఒక్కటి కనపడినా పని వాళ్లకి ఇచ్చేస్తాను. ఆయన్ని ఇంటికి పంపించేస్తాను."

ఆమె గదికొచ్చి తలుపు మూసింది.

"బాబాయ్, ఇరవై మూడు ఎందుకలా పెట్టావు?"

"అది అంతే."

"అంతే అంటే ఎలా? కుర్చీ గురించి నలభై లైన్లు రాశావు. దీనికి ఒక్క ముక్క చెప్పలేవా?"

"మిగతా ముప్ఫై ఒకటి అడుగు తల్లీ, తెల్లారేదాకా చెప్తా. అది అడక్కు."

"నేను సంతకం పెట్టాలి."

"పెట్టకు."

"పెట్టకపోతే నీ ఉద్యోగం పోతుంది."

"పోతే ఇంట్లో కూచుంటా. మీ పిన్నికే కష్టం."

ఆమెకి తోచింది ఒకటే. వయసు మీద పడి ఎక్కడో పొరపాటు చేశాడు, అన్న కూతురి ముందు ఒప్పుకోలేక దాస్తున్నాడు. అడిగి చిన్నబుచ్చడం ఎందుకు, తనే సర్దేద్దాం అనుకుంది. గురువారం భోజనాల వేళ బాబాయి డబ్బా తెరవగానే ఆమె కిందికి దిగింది. దుప్పట్ల గదిలో ఎవరూ లేరు. తెరలో స్పీడు తొమ్మిది వేల ఆరు వందలకి మార్చి, పైకొచ్చి ఫైల్లోనూ మార్చేసింది. మొత్తం నాలుగు నిమిషాలు. కూచోలేదు.

శుక్రవారం పొద్దున్నే ఆసుపత్రి తలకిందులైంది. ఆపరేషన్ గదికి నలభై దిండు గలీబులు వెళ్లాయి. పిల్లల వార్డుకి పెద్ద దుప్పట్లు వెళ్లాయి, ఒక్కోదాంట్లో నలుగురు పిల్లలు పడతారు. రెండో వార్డుకి అసలేమీ వెళ్లలేదు. హెడ్ నర్సు మోకాలి నొప్పి కూడా మర్చిపోయి మూడంతస్తులు ఎక్కొచ్చింది.

"ముప్ఫై ఏళ్లలో ఆయన ఇలా చేయలేదు. ఆయనకి ఒంట్లో బాగాలేదా, మీ యంత్రానికి బాగాలేదా?"

అన్న కూతురు మెట్లు రెండేసి చొప్పున దిగింది. దుప్పట్ల పెద్దాయన తెర ముందు నిలబడి ఉన్నాడు. ఆమె ఏమీ అడగలేదు. మూల ఉన్న మూట మీద కూచుంది.

మూడో వార్డు జాబితా వచ్చింది. నలభై లైన్లు. తెర మీద పట్టేది ఇరవై నాలుగు. కళ్లు మూసి తెరిచేలోపు పై పదహారు లైన్లూ ఎగిరిపోయాయి, చివరివి మిగిలాయి. పెద్దాయన తెర మీద వేలు పెట్టాడు. పెదాలు కదిలాయి. "దు... ప్ప..." వేలు అక్కడే ఆగిపోయింది. మళ్లీ మొదటికొచ్చాడు.

ఆమెకి అప్పుడు అర్థమైంది.

"నిన్నటిదాకా అది నాతో పాటే నడిచేది మేడం," అన్నాడాయన తెర వైపే చూస్తూ. "ఒక్కో అక్షరం వస్తుంటే కూడబలుక్కునేవాణ్ణి. ఇవ్వాళ ఏమైందో, నన్ను వదిలేసి పరిగెడుతోంది. దొరికిన ఒకటి రెండు అక్షరాలు పట్టుకుని తోచినట్టు పంపించేశాను."

వెనకటికి వార్డుల వాళ్లు వచ్చి నోటితో చెబితే ఆయన మనసులో పెట్టుకుని పంపేవాడు. ఈ తెర బిగించినప్పుడు బాబాయి అలవాటు కొద్దీ వచ్చి కూచున్నాడు. చూశాడు. పైకెళ్లి స్పీడు యాభైకి దించేశాడు, డెబ్బై అయిదు అయింది తర్వాతెప్పుడో. మర్నాడు మూడింటికి "దుప్పటి" అని ఒక్క మాట పంపి, ఫోన్ చేసి, "లైను పరీక్షిస్తున్నామండీ, ఏం వచ్చిందో కాస్త చెప్తారా" అన్నాడు. అదీ ఆ రెండేళ్ల పరీక్ష. పంపేది ఒకటి రెండు మాటలే కాబట్టి గురువారం మూడింటికి స్పీడు తేడా తెలియలేదు.

ఆమె తెర స్పీడు డెబ్బై అయిదుకి తెచ్చి, పైకొచ్చింది. బాబాయి ఫైలు తెరిచి చూస్తున్నాడు.

"ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నా."

"కూచోకుండా?"

"కూచోకుండా."

"ఊఁ."

"నాతో చెప్పొచ్చుగా బాబాయ్."

"ఆయన నాతో చెప్పలేదు. నేను ఆయన్ని అడగలేదు. ఇంక నీతో ఎలా చెప్పను?"

ఆమె ఫైల్లో స్పీడు దించి, పిన్నికి ఫోన్ చేసి సాయంత్రం భోజనానికొస్తున్నానని చెప్పింది.

శనివారం సూపరింటెండెంటు గారు లిస్టు మీద వేలు ఆనించారు. "ఇరవై మూడు. డెబ్బై అయిదు. కారణం: 'అవతలి వైపుకి ఇదే సరైన స్పీడు.' ఇదేం కారణమమ్మా?"

"నిజమైన కారణమండీ."

"మరి నిన్న దుప్పట్ల గందరగోళం?"

"గురువారం నేను ఆ స్పీడు తొమ్మిది వేల ఆరు వందలు చేశానండీ. దాని వల్లే. తప్పు నాది."

"అంటే... స్పీడు పెంచితే పని చెడిందా?"

"అవునండీ. కంపెనీ వాళ్లు రెండ్రోజుల్లో అన్నీ అలా పెట్టేస్తామంటున్నారుగా. నిజంగానే పెట్టేస్తారు. నాకు నాలుగు నిమిషాలే పట్టింది."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. పిల్లల వార్డు దుప్పట్ల కబురు ఆయన చెవిన కూడా పడింది. అలాంటివి ముప్ఫై ఒకటి ఊహించుకున్నట్టున్నారు. పెన్ను తీసి సంతకం పెట్టారు. "మీ బాబాయినే మార్చమనండి. ఎన్ని రోజులు పట్టినా సరే."

అలా అనకుండా ఉండాల్సింది. నెలన్నర పట్టింది. బాబాయి ముప్ఫై రెండు చోట్లా మళ్లీ మొదటి నుంచి కూచున్నాడు. టీలకే ఆరోగ్యం పాడవుతుందేమోనని అన్న కూతురు భయపడింది.

ఇరవై మూడో తీగ కూడా కొత్త యంత్రానికి మారిన కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం దుప్పట్ల పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. అంతకు ముందెప్పుడూ ఆయన ఆ గదికి రాలేదు. గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకున్నాడు.

"బాబాయి గారూ, మీ తీగ మీద ఒక ఫిర్యాదండీ."

బాబాయి కంగారుగా లేచాడు. "ఏమైందండీ?"

"మరీ నత్తనడక అయిపోయిందండీ. నేను చదివేసి, మిగతాది ఎప్పుడొస్తుందా అని చేతులు కట్టుకుని కూచోవాల్సి వస్తోంది. అవతల వార్డుల వాళ్లు తొందరపెడుతుంటారు."

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. ఆయన వల్ల అయ్యేట్టు లేదని అన్న కూతురే కీబోర్డు దగ్గరికి జరిగింది.

"నూట పదికి పెంచుతానండీ. ఇంకా పైకి కావాలన్నా పెడతాను."

పెద్దాయన యంత్రం వైపు జాలిగా చూశాడు.

"నూట పది చాల్లెండి మేడం. ఒక్కసారే ఎక్కువ పెంచకండి. పాపం, దానికీ అలవాటు కావాలిగా."