ముంత దాచిన అక్క

నా చిన్నప్పుడు హనుమాన్ జంక్షన్ దగ్గరి మా ఊళ్లో కవ్వం చప్పుడుతోనే నాకు తెల్లవారేది. మా నాయనమ్మ వసారాలో గుంజకు కవ్వం కట్టి, తాడు అటూ ఇటూ లాగుతూ చల్ల చిలికేది. ఆ చప్పుడు తలుచుకుంటే ఈ వయసులోనూ ప్రాణం అటే లాగుతుంది. వెన్న తీశాక చల్ల అడిగినవాళ్లందరికీ ఊరికే పోసేది. చల్ల అమ్ముకుంటే పాడి నిలవదని ఆవిడ నమ్మకం.

పక్కింటి అక్క కూడా ముంత పట్టుకుని వచ్చేది. పెళ్లయి చాలా ఏళ్లయినా ఆవిడకు పిల్లలు లేరు. రోజూ నాకు జడ వేసేది ఆవిడే. ఒక ఎండాకాలం నాయనమ్మ ఊళ్లో లేనప్పుడు మా మేనత్త చిలికితే ఎంతకీ వెన్న పడలేదు. ఆ గొడ్రాలి కళ్లు పడ్డాయని మేనత్త గోడవతలికి వినబడేలా అనేసింది. అక్క రావడం మానేసింది. జడ కోసం వెళ్లినా తలుపు తీయలేదు. నాకు ఏడుపొచ్చింది.

నాయనమ్మ తిరిగొచ్చి, సంగతంతా నా నోట విని, మర్నాడు చిలుకుతూ గోడమీదుగా అక్కను కేకేసింది. అక్క వచ్చింది కానీ ముంత కొంగుచాటున పెట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోయింది.

"చల్లకొచ్చి ముంత దాస్తావేంటే పిచ్చిదానా! రా, ఈ తాడు పట్టుకో. నా చేతులు పడిపోతున్నాయి."

అక్క ముంత గోడవార పెట్టి తాడందుకుంది. మేనత్త మూతి ముడుచుకుని చూస్తోంది. ఇప్పుడు గనక వెన్న పడకపోతే అక్క ఇక మా గడప తొక్కదని నాకు భయం. ఇంతలో మేనత్త అటు తిరిగింది. నాయనమ్మ కొత్తకుండలోని చన్నీళ్లు చల్లలో ఒంపేసి, నాకేసి కన్నుగీటింది. ఎండాకాలం చల్ల వేడెక్కితే వెన్న పడదని ఆవిడకు ముందే తెలుసు. అక్క చేయి పడేదాకా కావాలనే ఆగింది.

కాసేపటికి కవ్వం చప్పుడు మారింది. పూసలు పూసలుగా వెన్న తేలింది.

"చూశావుటే, దీని చెయ్యెంత చల్లనిదో!" అంది నాయనమ్మ మేనత్తతో, వీధంతా వినబడేలా. మొదటి ముద్ద అక్క చేతిలో పెట్టింది. అక్క అది నా నోట్లో పెట్టి, ఏడుస్తూనే నా జడ విప్పి మళ్లీ అల్లింది.

తర్వాత వాళ్లాయనకు ఇబ్రహీంపట్నంలో పని దొరికి వాళ్లు వెళ్లిపోయారు. అక్కను నేను మళ్లీ చూడలేదు. ఇప్పుడు మిక్సీలో ఐసునీళ్లు పోస్తే చిటికెలో వెన్న పడుతుంది. తినాలనిపించదు. కానీ నా గుమ్మం దగ్గర ఎవరైనా ఏదో అడగలేక తటపటాయిస్తుంటే, "ముంత ఏదమ్మా?" అని ముందు నేనే అడుగుతాను. వాళ్లు అర్థంకాక నవ్వుతారు. నా కళ్లు మాత్రం వాళ్ల కొంగుచాటునే వెతుకుతాయి.