ఎడమచేత్తో రాసిన పేజీలు

నాలుగేళ్లుగా ఒక నోటుబుక్కు మా బీరువాలో చీరల కింద ఉంది. ఇంగ్లిష్ చేతిరాత కోసం పిల్లలు వాడే నాలుగు గీతల కాపీ. బీరువా తెరిచిన ప్రతిసారీ నా చెయ్యి దాన్ని తప్పించుకునే పోతుంది. అట్ట మీద మా అమ్మాయి పేరు. లోపల సగానికి పైగా రాత నాది. ఈ సంగతి మా ఆయనకు కూడా తెలియదు. మీకే మొదట చెబుతున్నాను.

మా అమ్మాయిని ఇంట్లో బుజ్జి అంటాం. అప్పుడు రెండో తరగతి. మేముండేది మన్సూరాబాద్‌లో, నేను పనిచేసేది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో. ఎమ్మెస్సీ చదివాను. రోజంతా వచ్చినవాళ్లతో "పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదివించండి" అని చెప్పి, మెట్రోలో ఎల్‌బీ నగర్ దాకా వచ్చి, షేర్ ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి ఏడున్నర. అప్పటిదాకా బుజ్జి కింద ఓనర్ ఆంటీ వాళ్లింట్లో టీవీ ముందు ఉండేది. హోంవర్క్ అప్పుడు మొదలయ్యేది.

తను మెల్లగా రాసేది. రాకపోవడం కాదు. అక్షరం గీత దాటిందేమోనని చెరిపి మళ్లీ రాసేది, మళ్లీ చెరిపేది. పేజీకి గంట. తొమ్మిది కాకముందే పెన్సిల్ చేతిలో ఉండగానే తల వాలిపోయేది. ఆ బడిలో హోంవర్క్ పూర్తికానివాళ్లను పేరు పిలిచి నిలబెట్టేవాళ్లు. డైరీలో ఎర్ర ఇంకుతో 'ఇన్‌కంప్లీట్' అని రాసేవాళ్లు. దాని కింద అమ్మానాన్నల సంతకం కావాలి. ఒక వారంలో నాలుగు సంతకాలు పెట్టాను. శనివారం పొద్దున వ్యాన్ హారన్ వినపడగానే బుజ్జి తాగిన పాలన్నీ గుమ్మంలోనే కక్కేసింది.

ఆ సాయంత్రమే మొదటిసారి రాశాను.

కుడిచేత్తో రాస్తే తెలిసిపోతుందని ఎడమచేత్తో రాశాను. సిగ్గు విడిచి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పని నాకు గర్వంగా ఉండేది. తన 'జి' తోక ఎటు వంగుతుందో, మాటకీ మాటకీ మధ్య ఎంత చోటు వదులుతుందో పది రోజుల్లో పట్టేశాను. పేజీకి ఒక తప్పు కావాలని రాసి, రబ్బరుతో సగమే చెరిపి వదిలేసేదాన్ని. స్టార్లు రావడం మొదలైంది. చదువుకున్న ఆడదాన్ని, రెండో తరగతి స్టారు చూసుకుని మురిసిపోయాను. బుజ్జి మాత్రం వాటిని ఎవరికీ చూపించేది కాదు. నాకది కనపడలేదా? కనపడింది. పొద్దున పాలు కడుపులో నిలుస్తున్నాయి కదా, చాలనుకున్నాను.

తర్వాత పేరెంట్స్ మీటింగ్ వచ్చింది. బుజ్జిని వెంటబెట్టుకుని వెళ్లాను. టీచర్ కోస్తావైపు నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన. క్లాసు పుస్తకం, హోంవర్క్ పుస్తకం పక్కపక్కన తెరిచి పెట్టారు.

"చూడండమ్మా, క్లాసులో నాలుగు లైన్లు కూడా రాయట్లేదు. ఇంటి దగ్గర మాత్రం పేజీలకి పేజీలు! ఎవరు రాస్తున్నారండీ?"

ఆ ప్రశ్నతో నాకు తలుపు తెరిచే ఇచ్చారు. నేనే రాస్తున్నానంటే అయిపోయేది.

"మా పాపనే రాస్తది మేడమ్. నేను పక్కన కూసుంటా, గంతే," అన్నాను. "క్లాసుల జర బద్ధకం చేస్తదేమో. మీరే కొంచెం గట్టిగ చెప్పుండ్రి."

టీచర్ బుజ్జివైపు తిరిగారు. "ఏరా కన్నా, బద్ధకమా? అయితే రేపట్నుంచి ఆటల పీరియడ్‌లో కూర్చుని రాద్దాం. సరేనా?"

బుజ్జి నా ముఖంలోకి చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు. నేనింకేమైనా అంటానేమోనని ఆగినట్టుగా చూసింది. నేనేమీ అనలేదు. తను తలూపింది.

ఏడేళ్ల పిల్ల నా అబద్ధాన్ని తన నెత్తిన పెట్టుకుంది. నెల రోజులు పిల్లలంతా గ్రౌండ్‌లో ఉంటే తను కిటికీ పక్కన కూర్చుని రాసింది.

ఇక్కడిదాకా నా సంగతి. ఇక్కడి నుంచి తనది.

మీటింగ్ మర్నాడు సాయంత్రం నేను అలవాటుగా పెన్సిల్ ఎడమచేతిలోకి తీసుకున్నాను. బుజ్జి దాన్ని లాక్కుంది.

"నువ్వు రాయకు మమ్మీ. నేనే రాస్త."

"అయిపోదు బిడ్డా. రేపు మళ్ల నిలబెడ్తరు."

"నిలబెట్టనీ. నిలవడ్త."

ఎనిమిదిన్నర దాకా రాసింది. ఐదు లైన్లు. తర్వాత స్కేలు తెచ్చి, ఆగిన చోట అడ్డంగా ఒక గీత గీసింది. గీత కింద వంకరటింకరగా 'ఇంతే అయింది' అని రాసి పడుకుంది. పొద్దున పాలు తాగింది. హారన్ వినగానే పరిగెత్తి వ్యాన్ ఎక్కింది. ఆ రోజు ఆఫీసులో నాకు అన్నం సహించలేదు.

సాయంత్రం పుస్తకం చూస్తే గీత దాకా టిక్కు ఉంది. స్టారు లేదు. "నిలబెట్టిండ్రా?" అన్నాను. "ఊఁ. జరసేపే. ముందటియన్ని ఎట్ల రాసినవ్ అని అడిగిండ్రు. నేను చెప్పలే," అంది, బిస్కెట్ తింటూ.

చెప్పలే. నాలుగేళ్లుగా నన్ను పట్టుకుని వదలని మాట అదే. టీచర్‌ను మళ్లీ ఎన్నిసార్లు కలవలేదు? యూనిఫాం గురించి మాట్లాడాను, వ్యాన్ గురించి మాట్లాడాను. తర్వాతి ఏడాది ఆవిడ బడి మారిపోయారు. మారారని తెలిసి నా ప్రాణం కుదుటపడింది. అదీ రాయాలి కదా.

బుజ్జి ఇప్పుడు ఆరో తరగతి. రాత ఇంకా మెల్లగానే ఉంది. పని మిగిలిపోతే ఇప్పటికీ ఆ గీత గీస్తుంది, కొత్త టీచర్ల ముందు కూడా. చేసింది ఇంత, చెయ్యనిది ఇంత అని తలెత్తి చూపిస్తుంది. పెద్దయి ఏమవుతుందో నాకు తెలియదు. ఎట్లాంటి మనిషో మాత్రం ఆ ఐదు లైన్ల రోజే తెలిసిపోయింది. నేను నేర్పలేదు. నేను నేర్పింది ఇంకొకటి, తను దాన్ని నేర్చుకోలేదు. నా కూతురని గర్వంగా చెప్పుకోబోతాను, ఆ వెంటనే ఆ మీటింగ్‌లో నా నోటినుంచి వచ్చిన మాట అడ్డం పడుతుంది.

తను పక్కగదిలో నిద్రపోతోంది. ఇదంతా ఆ పాత కాపీలో మిగిలిన ఖాళీ పేజీల్లోనే రాస్తున్నాను, కుడిచేత్తో, నా రాతతో. నాలుగు గీతల మధ్య తెలుగు ఇమడడం లేదు. మీరు నన్ను మంచిదాన్ననాలని కాదు. రాశాక చెయ్యి తేలికగా ఉంది, అంతే. బుజ్జితో చెప్పడం ఇంకా మిగిలే ఉంది.

తన స్కేలు బల్ల మీదే ఉంది. ఇక్కడ గీత గీస్తున్నాను.

ఇంతే అయింది.