ఎడమకు బిగిసే మర

మా డ్రిల్లు మేడం చనిపోయారన్న కబురు నాకు ఆసుపత్రి కిటికీ దగ్గర తెలిసింది. తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఓపీ చీటీలు రాసే ఉద్యోగం నాది. పేరు, ఊరు, వయసు, ఏం బాధ అని రోజంతా అవే ముక్కలు అడుగుతుంటాను. ఆ రోజు చిత్తూరు నుంచి వచ్చిన ఒక ముసలామె తన వీధి పేరు కూడా చెప్పింది. అది మేడం వాళ్ళ వీధి. నోరు ఊరుకోక, "మీ వీధిలో డ్రిల్లు టీచరమ్మ బాగున్నారా?" అని అడిగాను.

"యాడ బాగుండేది పాపా! మొన్న ఆదివారం పోయింది గదా. తెల్లారి సైకిలు తుడస్తా తుడస్తా అట్నే గోడకానుకొని కూసునిందంట. మళ్ళ లేయలా" అంది ముసలామె.

వయసు రాయాల్సిన చోట ఊరు రాశాను. కొట్టేసి మళ్ళీ అదే రాశాను. వరుసలో వెనకున్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే ముందు కోపమే వచ్చింది. ఆమెతో నాకు తేలని తగువు ఒకటి ఉంది. అది తేలకుండా ఎలా పోతారు?

నా కుడికాలు ఎడమకాలి కంటే కురచ. ఆ కాలు విరిగింది మేడం చేసిన సైకిలు మీద. మళ్ళీ నడక నేర్చిందీ మేడం సైకిలు మీదే. అందుకే ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాసి దండం పెట్టి లేచిపోవడం నావల్ల కాదు.

డెబ్బైల చివర్లో ఆమె తిరుపతిలో మా ఆడపిల్లల హైస్కూలుకి డ్రిల్లు టీచరుగా వచ్చారు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టె మా మేడం. వేరే బళ్ళలో ఆడపిల్లలకి తాడాట, కుంటాట ఆడిస్తుంటే ఈమె పాత ఇనుప సామాన్ల కొట్ల వెంట తిరిగి తుప్పుపట్టిన సైకిళ్ళు తెచ్చేవారు. మడ్గార్డులు, క్యారియరు, స్టాండు, బెల్లు, బ్రేకులు అన్నీ పీకేసేవారు. ఆఖరికి వెనక చక్రానికి ఉండే ఫ్రీవీలు కూడా తీసేసి, దాని చోట చక్రానికే బిగిసి ఉండే పళ్ళచక్రం ఎక్కించేవారు. మద్రాసులో డ్రిల్లు ట్రైనింగు చదివేటప్పుడు పందేల వాళ్ళ దగ్గర ఆ పని చూసి నేర్చుకున్నారట.

మామూలు సైకిలు మీద తొక్కడం ఆపితే బండి దానంతట అది జారిపోతుంది. మేడం సైకిలు అలా కాదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళు తిరిగినంతసేపూ మన కాళ్ళు తిరగాల్సిందే. ఆపాలంటే కాళ్ళతో వెనక్కి అదిమిపట్టాలి. ఈ సంగతి తెలియని మా స్కూలు అటెండరు ఒకసారి టీ తేవడానికి చెప్పాపెట్టకుండా మేడం సైకిలెక్కాడు. గేటు దాటగానే అలవాటు కొద్దీ కాళ్ళు నిలబెట్టాడు. సైకిలు అతన్ని ఎత్తి పూలబుట్టల మధ్య కుదేసింది. మల్లెపూలు దులుపుకుంటూ వచ్చి, "దయ్యం బట్టిన బండి మేడమ్మా అది!" అన్నాడు. "దయ్యం గాదప్పా, దానికి సోమరితనం తెలీదు, అంతే" అన్నారు మేడం. అప్పటినుంచీ స్కూల్లో దాని పేరు దయ్యం బండి.

ఆదివారం తెల్లవారుజామున యాత్రికుల బస్సులు రాకముందే మా పందేలు. గాంధీరోడ్డులో బయలుదేరి, నాలుగుకాళ్ళ మండపం చుట్టి, బండ్ల వీధి మీదుగా తిరిగి రావాలి. లంగాలు మోకాళ్ళ దగ్గర పిన్నీసులతో బిగించుకుని తొక్కేవాళ్ళం. అరుగుల మీద పళ్ళు తోముకుంటున్న మగపిల్లలు "సర్కసొచ్చె, సర్కసొచ్చె" అని అరిచేవారు. వాళ్ళకేసి తల తిప్పితే మేడంకి మా చెడ్డ కోపం. "ముందర సూడు పాపా. ఎనకాల వాళ్ళు ఎనకాల్నే ఉంటారు" అనేవారు. కాళ్ళు నొప్పులని మేము మూలిగితే, "కాలు ఆడినంతసేపే బండి మన మాట వింటాది" అనేవారు. ఈ రెండు మాటలూ ఆమె నోటి నుంచి రాని ఆదివారం నాకు గుర్తులేదు.

ఆ సైకిళ్ళలో ఒక కీలకం ఉంది. వెనక్కి అదిమినప్పుడు పళ్ళచక్రం మర ఊడి రాకుండా దాని మీద ఒక ఇనుప చుట్టు బిగించాలి. ఆ చుట్టుకి లేతుషాపులో ఎడమ మర వేయించేవారు. లోకంలో ప్రతి నట్టూ కుడికి తిప్పితే బిగుస్తుంది, ఇది మాత్రం ఎడమకు తిప్పితే బిగుస్తుంది. మర సందులో పెయింటులో తడిపిన నూలు కూడా చుట్టేవారు. దాంతో ఎటు తిప్పినా గట్టిగానే ఉంటుంది, బిగుస్తోందో వదులవుతోందో కొత్త చేతికి తెలీదు. పందెం రోజు పొద్దున్నే చుట్టు గాట్లో ఉలి పెట్టి, సుత్తితో కొట్టి, ప్రతి సైకిలూ తానే బిగించేవారు. ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

మా నాయన పిండిమిషన్లో పనిచేసేవాడు. ఇంటికి వచ్చేసరికి కనుబొమలతో సహా తెల్లగా ఉండేవాడు. మొదట్లో నేను సైకిలెక్కడం ఆయనకి ససేమిరా ఇష్టం లేదు. మేడం నేరుగా మిషను దగ్గరికే వెళ్ళి, ఆ మోతలో గొంతు చించుకుని, "అన్నా, నీ బిడ్డ కాళ్ళల్లో బలముండాది. దాన్ని ఇంట్లో కూసోబెట్టి ఏం జేస్తావు?" అని అడిగారట. ఏం మాయో గానీ నాయన ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళకి మిషనుకి వచ్చినవాళ్ళతో, "మా పాప గాలి మాదిరి పోతాది తెలుసునా" అని గొప్పలు చెప్పడం కూడా మొదలుపెట్టాడు.

ఆ ఏడు ఒక యువజన సంఘం వాళ్ళు ఊళ్ళో సైకిలు పందెం పెట్టారు. మగపిల్లలతో పాటు మమ్మల్నీ నిలబెట్టాలని మేడం పట్టుబట్టి సాధించారు. నా పందెం చూడడానికి నాయన మొట్టమొదటిసారి వచ్చాడు. మిషను నుంచి సరాసరి, పిండి చొక్కాతోనే వచ్చాడు.

నేను ముందువరసలోనే ఉన్నాను. నాకంటే ముందు ఒక్క కుర్రాడే ఉన్నాడు. మండపం మలుపులో, గుండు చేయించుకున్న ఒక యాత్రికుడు చంటిపిల్లని ఎత్తుకుని రోడ్డుకి అడ్డం వచ్చాడు. కాళ్ళు వెనక్కి అదిమాను. అదిమిన కాళ్ళకి ఏమీ తగల్లేదు. పళ్ళచక్రం చక్రాన్ని వదిలేసి తేలిగ్గా వెనక్కి తిరిగింది. బ్రేకు లేదు. పిల్లని తప్పించి పక్కకి తిప్పాను, అక్కడ రాతి అరుగు ఉంది.

తర్వాత చూసింది ఒక్కటే చెబుతాను, ఎందుకంటే ఇన్నేళ్ళూ నన్ను తిన్నది అదే. కాలు విరిగి రోడ్డు మీద పడి ఉన్నాను. జనం మూగారు. మేడం పరిగెత్తుకొచ్చారు. కానీ నా దగ్గరికి కాదు, ముందు సైకిలు దగ్గరికి వెళ్ళారు. వెనక చక్రం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, చేతిగుడ్డతో ఆ చుట్టుని తుడిచారు. శుభ్రంగా, గాట్లతో సహా తుడిచారు. గుడ్డ జాకెట్లో దోపుకున్నాకే నా తల ఒళ్ళోకి తీసుకున్నారు.

సంఘం వాళ్ళు అడిగినప్పుడు, "నేనే సరిగ్గా బిగించలా" అన్నారు. స్కూలు వాళ్ళు ఆమెని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె చిత్తూరులో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. మా పిల్లల సైకిళ్ళు మళ్ళీ పాత ఇనుముకే పోయాయి. ఊరు నోటికొచ్చినట్టు అంది. నేనేమీ అనలేదు గానీ, తన తప్పు కనబడకుండా ముందు తుడుచుకున్న మనిషి అని లోపల రాసిపెట్టుకున్నాను.

కట్టు విప్పాక నా మోకాలు వంగలేదు. మేడం చిత్తూరు నుంచి రైలెక్కి మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. రైల్లో వేసుకొచ్చిన తన దయ్యం బండిని, వెనక చక్రం నేలకి తగలకుండా రెండు చెక్కల మీద నిలబెట్టి, నన్ను ఎత్తి కూర్చోబెట్టేవారు. ఎడమకాలితో తొక్కమనేవారు. ఫ్రీవీలు లేదు గదా, ఎడమకాలితో తిప్పితే ఆ చక్రం ఊపుకి పెడలు కుడికాలిని కూడా ఆగకుండా తీసుకుపోయేది. నొప్పికి కేకలు పెట్టేదాన్ని. "బాగుండే కాలు బాగలేని కాలికి నేర్పిస్తాది, కానీ పాపా" అనేవారు. నేను మాట్లాడేదాన్ని కాదు. ఆమె కూడా నా మాట కోసం కాచుకోకుండా పెడలు పట్టుకుని నా కాలితో పాటు తిప్పేవారు. ఆమె వస్తే నాయన మిషనుకి వెళ్ళిపోయేవాడు. ఆమె మీద కోపమనుకున్నాను. కర్ర లేకుండా నేను గడప దాటిన రోజు తర్వాత ఆమె మళ్ళీ రాలేదు. నేనూ చిత్తూరు వెళ్ళలేదు.

కబురు తెలిసిన సాయంత్రం నాయనతో చెప్పాను. తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టి, "జ్ఞాపకార్థ కూడిక పెడతారు గదా. పోదాం" అన్నాడు. ఆయన నోట ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

రైలు పాకాలలో చాలాసేపు ఆగింది. నాయన కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తూ చూస్తూ, నా వైపు తిరగకుండానే మొదలుపెట్టాడు.

"ఆ చుట్టు తిప్పింది నేనమ్మా."

నాకు మొదట అర్థం కాలేదు.

"పందెం నాడు మేడమ్మ సంఘమోళ్ళతో కొట్లాడతా ఉండె. నువ్వు నంబరు గుడ్డ కుట్టించుకుంటా ఉంటివి. సైకిలు గోడకు ఆనించి ఉండె. సుత్తి, ఉలి ఆడనే ఉండె. బిడ్డెక్కే బండి గదా, ఒగసారి సూద్దామని చెయ్యి పెట్టినా. కుడికి కొడితే కదిలె. అబ్బ, వదులుగా ఉండింది, నేను సూసినా గాబట్టి సరిపాయ అనుకున్నా."

"ఎడమ మర నాయనా అది" అన్నాను.

"అది నాకేం తెలుసు తల్లీ? మేడమ్మ తుడిసినాకే తెలిసె. ఆ చుట్టు గాట్లనిండా నా చేతి పిండే. తుడిసి, నా చేతులకల్లా సూసె. ఒగ మాట అనలా."

మేడం ఊరు వదిలే ముందు నాయన వాళ్ళింటికి వెళ్ళాడట. అందరి ముందరా నిజం చెప్పేస్తానన్నాడట. "గమ్మున పో అన్నా" అన్నారట మేడం. "పాపకు కాలు పోయింది. ఇప్పుడు నాయన గూడా పోవల్లనా? నీ ఒళ్ళో తల బెట్టుకోని ఏడిసే బిడ్డ అది. బ్రేకు పెట్టనిది నేను. తప్పు నీది సగం, నాది సగం. నీ సగం గూడా నాకే ఇచ్చి పో."

ఈయన ఇచ్చి వచ్చాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నాయన చించుకోలేదు, పడాల్సిందంతా మేడం కాళ్ళ మీద పడింది. రైలు కదిలాక కూడా నేను ఆయన వైపు చూడలేదు. నాయన మీద కోపం, మేడం మీద ఇంకా కోపం. నన్ను అడగకుండా నా కోపాన్ని ఎవరికి ఇవ్వాలో ఈ ఇద్దరూ పంచుకున్నారు. ఒక్క బ్రేకు పెట్టి ఉంటే నా కాలు నిలిచేదన్నదీ నిజమే, ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ నాయన పిండి తుడిచి తెల్లబడ్డ ఆ చేతిగుడ్డ కళ్ళలోంచి పోలేదు. చిత్తూరు వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

కూడిక అయ్యాక మేడం చెల్లెలు మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్ళారు. దయ్యం బండి అక్కడే గోడకి ఆనించి ఉంది. ముందు చక్రానికి బ్రేకు ఉంది. "తిరుపతి నుంచి వచ్చినాక ముందు అదే పెట్టించింది. పోయిన రోజు తుడిసి, చుట్టు బిగించబోయేలోగా కూలబడిపాయ. ఇంగ మాకెవురికీ బిగించేది రాదు" అన్నారామె. కింద, చక్రం పక్కన, సుత్తీ ఉలీ పెట్టినచోటే ఉన్నాయి.

నాయన వాటి దగ్గరికి నడిచాడు. పంచె సర్దుకుని కింద కూర్చుని, ఉలి తీసి గాట్లో పెట్టాడు. చెయ్యి దానంతట అది కుడివైపుకి వంగింది. అక్కడ ఆగిపోయింది. సుత్తి గాల్లోనే ఉంది. పొద్దున్నుంచీ మొదటిసారి తలెత్తి నా మొహం చూశాడు.

"యా పక్కకమ్మా?"

నేను కూడా కుంటికాలు చాపుకుని చక్రానికి అవతల కూర్చున్నాను. అది కదలకుండా రెండు చేతులతో రిమ్ము పట్టుకున్నాను.

"ఎడమకు నాయనా" అన్నాను.