డబుల్ బేస్ ఆగిన చోట

మా మేనమామతో పాటు పోయినవి లెక్క వేస్తే, మొదటిది ఆయన డబుల్ బేస్, నిలబడి వాయించే పెద్ద తీగల వాయిద్యం. ఆయన కంటే జానెడు ఎత్తు. ఆయన పోయిన రెండో వానాకాలానికి చెదలు తినేశాయి. దాని నాలుగు తీగలూ పోయాయి. ఆయన కట్టిన తొమ్మిది పాటలు పోయాయి. ఒక్కటీ రాసిపెట్టలేదు, టేపులో పట్టలేదు. పదోది సగమే పోయింది. ఇది ఆ పాట సంగతి.

డెబ్భైల మధ్యలో ఆయన బొంబాయి హోటళ్లలో జాజ్ వాయించడం మాని ఆదోనికి తిరిగొచ్చాడు. ఇక్కడ అంత పెద్ద వాయిద్యంతో ఎవరికీ పనిలేదు. పగలు పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనికి పోయి, సాయంత్రాలు వాయించుకునేవాడు. ఒకసారి తీగ తెగితే దూదేకే ఆయన్ను అడిగి, దూది ఏకే వింటికి కట్టే నారి తెచ్చి బిగించాడు. అది బరువుగా, పచ్చిగా పలికింది. నచ్చి మిగతా మూడూ మార్చేశాడు. పక్కన కూర్చుని తాళం దెబ్బలు లెక్కపెట్టడం నా పని. బడిలో అబ్బని లెక్కలు నాకు ఆ నేలమీదే వచ్చాయి.

పదో పాటను ఎమ్మిగనూరు మగ్గాల చప్పుడు మీద కట్టాడు. నడుమ పదకొండు దెబ్బల మౌనం.

"ఆ మీదట ఏం వాయిస్తావు మామా?"

"నాకేం తెలుసురా! ఆ సప్పుడు లేని జాగా దాటితే అదే సెప్తాది."

ఇంట్లో ఎన్నడూ దాటలేదు. మగ్గం తొక్కేవాళ్ల ముందే దాటాలని ఆయన పట్టు.

ఎనభైల మొదట్లో ఎమ్మిగనూరు భజన మందిరం వాళ్లు అక్కడ వాయించడానికి ఒప్పుకున్నారు. పత్తి లారీ మీద బేస్ తీసుకెళ్లాం.

"ఏమన్నా, ఇది వీణకు నాయనా?" అన్నాడొక నేతగాడు. అందరూ నవ్వారు.

"నాయన కాదప్పా, తాత. కూసో, మాట్లాడతాడు" అన్నాడు మామ.

వాయిస్తుంటే నవ్వులు ఆగాయి. కూర్చున్నవాళ్ల పాదాలు మగ్గం తొక్కుతున్నట్టు కదిలాయి. మౌనం వచ్చింది. నేను వేళ్లు మడుస్తున్నాను. ఏడో దెబ్బ దగ్గర, పాట ముగిసిందనుకుని భజన పెద్ద కర్పూరం వెలిగించి మంగళం ఎత్తుకున్నాడు. అందరూ లేచి భక్తిగా అందుకున్నారు. మంగళం పాడాక ఆ మందిరంలో ఇంక ఎవరూ ఏమీ వాయించరు. మామ తీగల మీది చెయ్యి తీసి హారతి కళ్లకద్దుకున్నాడు.

"ఇంగా ఉందని సెప్పుండచ్చు గదా?" అన్నాను, లారీ ఎక్కుతూ.

"హారతి పట్టుకున్న మనిషిని ఆపమంటావా? ఇంగోసారి వాయిద్దాంలే."

ఆ చలికాలమే ఆయన గుండె ఆగిపోయింది.

ఆనాడు వీణకు నాయనా అన్న నేతగాడు ఇప్పటికీ ఆ పాట వరుసలోనే మగ్గం తొక్కుతాడు. మౌనం దాకా వచ్చి, తెగిన పోగు ముడేయడానికన్నట్టు ఆగుతాడు. ఎమ్మిగనూరు పోయినప్పుడల్లా నేను అతని గడప మీద కూర్చుని వేళ్లు మడుస్తాను. ఏడు దాకా వస్తాయి, అంతలో మగ్గం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. ఇంకా నాలుగు రావాలి.