ఖాళీ చేను లెక్క

నా చిన్నప్పుడు మా వాడకట్టులో వడిసెల తిప్పడం చేతకాని పిల్లను నేనొక్కదాన్నే. వడిసెలంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. నారతో పేనిన రెండు తాళ్లు, వాటి మధ్య రాయి పట్టేంత చిన్న అల్లిక. ఒక తాడు కొసను వేలికి తగిలించుకుని, రెండోదాన్ని పిడికిట్లో పట్టి, నెత్తి మీద గిర్రున తిప్పి పిడికిట్లోది వదిలేస్తే రాయి చేను ఆ చివరి దాకా పోతుంది. జొన్న కంకులు పాలు పట్టినప్పటి నుంచి కోత దాకా పొద్దునా సాయంత్రం మంచె ఎక్కి ఆ రాళ్లతోనే పిట్టలను లేపేవాళ్లం.

మాది నెల్లికుదురు దగ్గరి పల్లె. ఆ ఏడు మా బాపు కాలు విరిగి మంచాన పడ్డాడు. అమ్మ రోజూ కైకిలికి, అంటే కూలి పనికి పోయేది. రెండెకరాల జొన్న చేను తొమ్మిదేళ్ల నా చేతిలో పడింది. ఆ జొన్నలే మాకు ఏడాది పొడుగునా తిండి. నేను తిప్పిన రాయి ముందుకు తప్ప అన్ని దిక్కులకూ పోయేది. కుడికి పోయేది, ఎడమకు పోయేది, ఒకసారి నా వెనకనే పడి మా కుక్క కుయ్యోమంది. చిలుకలకు నా సంగతి నాలుగు రోజుల్లో అర్థమైపోయింది. నేను వడిసెల ఎత్తితే అవి తల కూడా ఎత్తేవి కావు. సాయంత్రం అమ్మ వచ్చి ఒట్టిపోయిన కంకులను చేత్తో నిమిరి, నన్ను ఏమీ అనకుండా ఇంటికి నడిచేది. తిట్టినా బాగుండేది.

మా చేనుకూ పక్కింటి వాళ్ల చేనుకూ కలిపి గట్టు మీద ఒకటే మంచె. ఆ పక్కింటి అక్క అప్పుడు పదో తరగతి. మా వాడకట్టులో అంతదాకా చదివిన ఆడపిల్ల ఆమే మొదలు. టీచరు ట్రైనింగు చేసి లెక్కలు చెబుతానని ఊరంతా చెప్పుకుని తిరిగేది. మంచె మీద ఒడిలో పుస్తకం పెట్టుకుని గట్టిగా చదివేది, చదువు ఆపకుండానే రాయి విసిరేది. ఆమె రాయి ఎక్కడ అనుకుంటే అక్కడే పడేది. నేను అసూయతో చచ్చేదాన్ని.

ఒక సాయంత్రం వాళ్ల వాకిట్లో నన్ను నిలబెట్టింది. నా చుట్టూ ముగ్గుతో పెద్ద వలయం గీసింది. వడిసెలలో తడి ఎర్రమన్ను ముద్ద పెట్టి, మెల్లగా తిప్పి నాకు తోచినప్పుడు వదలమంది. అట్లా మూడు ముద్దలు వేయించింది. ప్రతిసారీ నా చెయ్యి ఎక్కడున్నప్పుడు వదిలానో వలయం మీద ఒక చుక్క పెట్టింది. ఆ చుక్క నుంచి ముద్ద పడిన చోటికి ముగ్గుతో గీత లాగింది. మూడు గీతలూ అయ్యాక చూస్తే ఒక్కటీ నా దగ్గర నుంచి బయలుదేరలేదు. అన్నీ వలయాన్ని ఒరుసుకుంటూ పక్కకు పోయాయి.

"సూసినవా? పిట్టకు ఎదురుంగ రాయి వొచ్చేదాక ఆగి వదులుతున్నవు. అప్పటికి అది అడ్డం పోవుడు మొదలువెట్టింది. రాయి నీ పక్కకున్నప్పుడే వదులు, ముందటికి పోతది."

స్పర్శరేఖ అన్న మాట నాకు ఎన్నో ఏళ్ల తర్వాత పుస్తకంలో కనిపించింది. అప్పటికే నేను దాన్ని ముగ్గులో చూసి ఉన్నాను. మర్నాడు పొద్దున నా రాయి మొదటిసారి ఎదురుగా పోయి, చిలుకల గుంపు ఒక్కసారిగా లేచింది. మంచె విరిగిపోయేట్టు గెంతాను. అక్క నవ్వి, ఇంకొక్కటి మిగిలింది అంది. అది మా వైపు చేలల్లో అందరికీ తెలిసిన కట్టుబాటే. రాయి వదిలే ముందు "రాయొస్తున్నదో" అని గొంతెత్తి పిలవాలి. చేలో గడ్డి కోసేవాళ్లు ఎవరైనా ఉంటే "ఓయ్" అని కొడవలి ఎత్తి చూపిస్తారు. అప్పుడు ఆ దిక్కుకు విసరకూడదు. ఏ జవాబూ రాకపోతేనే వదలాలి. జొన్న మనిషి కంటే ఎత్తు పెరుగుతుంది. వంగి ఉన్న మనిషి మంచె మీదికి అసలే కనిపించదు.

"వదిలేదాక రాయి నీది. వదిలినంక నీది గాదు, ఎవ్వలదీ గాదు. గందుకే ముందుగల్ల పిలువాలె. పిలిచి జర ఆగాలె," అని అక్క నాతో రెండుసార్లు అనిపించింది.

పది రోజులు అట్లాగే చేశాను. ఆ తర్వాత నాకు గర్వం తలకెక్కింది. పిలిస్తే ఆ గొంతుకే సగం పిట్టలు లేచిపోయేవి. నా రాయి పోయేసరికి అక్కడ ఏమీ ఉండేది కాదు. నేర్చుకున్న విద్య ఎవరికీ కనిపించకుండా పోతుందని నాకు కడుపుమంట. అక్క చూస్తుండగా, నిండుగా పిట్టలు వాలిన చోట నా రాయి పడాలని కోరిక. ఒక పొద్దున అక్క నాకంటే ముందే చేలోకి పోయిందని తెలియక, తను ఇంకా రాలేదనుకుని, వచ్చేలోపు ఒకసారి చూసుకుందామని వడిసెల తిప్పాను. పిలవలేదు. చెయ్యి ఎంత బాగా తిరిగిందో ఇప్పటికీ భుజానికి గుర్తుంది. సరిగ్గా వదలాల్సిన చోటే వదిలాను. రాయి ఎటూ తొణకకుండా నేను చూస్తున్న చోటికే పోయింది. పిట్టలు లేచాయి. వాటి కింద నుంచి "అమ్మా" అని చిన్న అరుపు వినిపించింది.

చూసుకోకుండా విసిరిన రాయి గురి తప్పి తగిలిందంటే ఎవరైనా జాలి పడతారు. నా రాయి గురి తప్పలేదు. అంత చక్కగా పోయిన రాయి నా చేతిలోంచి అంతకు ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

నేను పరుగెత్తి పోయేసరికి అక్క ఎడమ కన్ను మీద అరచెయ్యి అదుముకుని కూర్చుని ఉంది. పక్కన కోసిన గడ్డి, కొడవలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు, కొంచెం నెత్తురు. నా చేతిలో వడిసెల ఇంకా వేలాడుతూనే ఉంది. రెండో కంటితో దాన్ని చూసింది, నన్ను చూసింది. నా మొహం ఎట్లా ఉందో ఏమో, నన్ను దగ్గరికి రమ్మని తల మీద చెయ్యి వేసింది.

"ఎవ్వలకు చెప్పకు. మీ బాపు నిన్ను సంపుతడు. జొన్నకర్ర గుచ్చుకున్నదని చెప్తా."

అట్లాగే చెప్పింది. కర్ర గుచ్చుకుంటే చేసే వైద్యమే ఇంట్లో చేశారు. పక్క వాడలో బాలింతను పిలిపించి కంట్లో చనుబాలు పిండించారు. ఏదో ఆకు పసరు పోసి గుడ్డ కట్టారు. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుందని అందరూ అన్నారు, కర్ర గీసుకుంటే తగ్గిపోతుంది కూడా. అది కర్ర కాదని తెలిసిన వాళ్లం ఇద్దరమే. ఒకరు నొప్పితో పడుకుని ఉన్నారు. రెండోదాన్ని నేను, మా అరుగు మీద కూర్చుని వాళ్ల గడప వైపు చూస్తున్నాను. మొదటి రోజు చెబుదామని రెండుసార్లు లేచాను. రెండో రోజు ఒకసారి లేచాను. మూడో రోజు లేవలేదు. నాలుగో రోజు అక్కకు జ్వరం ముదిరి, బండి కట్టి రోడ్డు దాకా తీసుకుపోయి, అక్కడి నుంచి వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు.

డాక్టరు చూడగానే ఇది కర్ర గుచ్చుకున్న కన్ను కాదు, గట్టి దెబ్బ తగిలిన కన్ను అన్నాడట. దెబ్బ తగిలిన రోజే తెచ్చి ఉంటే ఏమన్నా చేసేవాళ్లం, నాలుగు రోజులు ఏం చేశారని కోప్పడ్డాడట. ఆ మాట వాళ్ల అమ్మ మా ఇంటికి వచ్చి ఏడుస్తూ చెప్పింది. నేను పక్కనే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను.

ఎడమ కన్ను పోయింది. ఆ ఏడు అక్క పరీక్ష రాయలేదు. మరుసటేడుకు రెండో కన్ను కూడా మసకబారడం మొదలైంది. ఒక కంటి దెబ్బ రెండోదాన్ని కూడా లాక్కుపోతుందని మేం అప్పుడే విన్నాం. అక్షరాలు పోయాయి, తర్వాత మనుషుల మొహాలు పోయాయి. తన పుస్తకాలన్నీ తాడుతో కట్టి నాకిచ్చేసింది. అంచుల్లో పెన్సిల్‌తో తను చేసిన లెక్కలు అట్లాగే ఉన్నాయి. ఆ పుస్తకాలతోనే నేను పదో తరగతి దాటాను. మానుకోటలో ఇంటర్‌లో చేరాను. మహబూబాబాద్‌ను మేం ఇప్పటికీ అట్లాగే పిలుస్తాం. ఊరంతా నన్ను మెచ్చుకుంటుంటే నేను అక్క గడప వైపు చూడలేకపోయేదాన్ని.

ఇంటర్‌లో సదిశలు వచ్చాయి, ఆ వెనకే ప్రక్షేపకాలు, అంటే విసిరిన వస్తువుల లెక్కలు వచ్చాయి. నాకు ముక్క ఎక్కలేదు. సెలవుకు వచ్చినప్పుడు అక్క పక్కన కూర్చుని లెక్క పైకి చదివేదాన్ని. ఆమె కళ్లు మూసుకుని వినేది. మూసినా తెరిచినా ఒకటే అయినా మూసుకునేది. ఒకసారి రాయి విసిరిన లెక్క విని, చాలాసేపు ఆలోచించి, ఏటవాలుగా పోయే వేగాన్ని రెండు ముక్కలు చెయ్యమంది. మీదికి పోయేది ఒకటి, ముందుకు పోయేది ఒకటి. మీదిదాన్ని భూమి గుంజుకుంటుంది, ముందుదాని జోలికి ఎవరూ పోరు, రెండింటినీ కలిపేది గడియారం ఒక్కటే. ఆమెకు ఎవరూ చెప్పలేదు ఇది. నాకు మా కాలేజీలో చెప్పినా అర్థం కాలేదు. జవాబు వచ్చాక నన్ను ఒక మాట అడిగింది.

"ఆ రాయి పడ్డకాడ ఎవలన్న ఉన్నరా అని రాసిందా?"

"రాయలే అక్కా."

"రాయరు. లెక్కల చేను ఎప్పుడు ఖాళీగనే ఉంటది."

అప్పుడు చెప్పాల్సింది. వాళ్ల అమ్మ ఇంట్లోనే ఉంది, నాన్న వాకిట్లో ఉన్నాడు. పుస్తకం మూసి, బస్సుకు టైమైందని లేచాను.

జనగామలో ముప్పై ఏళ్లకు పైగా ఫిజిక్స్ చెప్పాను. ప్రక్షేపకం లెక్క బోర్డు మీద రాసిన ప్రతిసారీ, రాయి పడే చోట ఎవరున్నారో ముందు చెప్పండర్రా అని అడిగేదాన్ని. పిల్లలు నవ్వేవారు. నా వెనక నన్ను 'చేలో ఎవరున్నారు మేడం' అని పిలుచుకునేవారని తెలుసు. మంచి పేరే పెట్టారు. మంచె ఎత్తు, తాడు పొడుగు, నా చెయ్యి తిరిగిన వేగం అన్నీ అంచనా కట్టి నా రాయి లెక్క ఎన్నిసార్లు చేశానో చెప్పలేను. మహా అయితే రెండు సెకన్లు గాలిలో ఉండి ఉంటుంది. కోణం కాస్త మార్చి చూశాను, ఒక వేలెడు ముందు వదిలినట్టు చేసి చూశాను. కాగితం మీద ఎక్కడెక్కడో పడేది. చేలో మాత్రం అక్కడే పడింది.

రిటైరయ్యాక కిందటేడు చిట్యాలకు పోయాను. అక్క అక్కడ తమ్ముడింట్లో ఉంటుంది. ఇప్పుడు వెలుగు తప్ప ఏమీ తెలియదు. నేను పోయేసరికి చాట ముందు పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తోంది. వేళ్లే చూస్తున్నాయి. నేను కూడా పక్కన కూర్చుని నాలుగు గింజలు తీశాను. ఇంట్లో అందరూ ఉన్నారు. తమ్ముడు, మరదలు, పిల్లలు. అందరి ముందూ, యాభై ఏళ్లు దాటాక, నోరు తెరిచి ఆ రాయి నాది అక్కా అన్నాను. తమ్ముడు నా వైపు తిరిగాడు. అక్క వేళ్లు ఆగలేదు.

"ఆ మాట నాకెందుకే, నాకు ఎరుకనే గదా. మా అవ్వకు, నాయినకు జెప్తవని సూసిన. నువ్వు చిన్నపిల్లవు, భయపడ్డవు, నేనే చెప్పొద్దన్న. గని ఇయ్యాల గాకుంటే రేపన్న పిలుస్తవని శానా ఏండ్లు సూసిన."

చాట నా వైపు జరిపింది.

"అవ్వ పోయింది, నాయిన పోయిండు. నేనే సరిగ సూస్కోలేదని ఇద్దరు పోయేదాక నన్నే అన్నరు. ఇగ ఇప్పుడు పిలిస్తే ఏం లాభమే? రాయి ఎన్నడో పడ్డది."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే పట్టుకుని ఏడ్చేదాన్ని. మరదలు చాయ్ తెచ్చింది, తాగాం. చింతపండు అయిపోయేదాకా కూర్చుని సాయంత్రం బస్సుకు జనగామ వచ్చేశాను.

అక్క నాకు నేర్పినవి రెండు. రాయి ఎట్లా పోతుందో ఒకటి, వదిలే ముందు పిలవడం ఒకటి. మొదటిదానితో నేను బతుకు గడుపుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను, పింఛను తీసుకుంటున్నాను. రెండోది మాత్రం నాతో మిగిలిపోయింది. పొద్దున డాబా మీద పిట్టలకు గింజలు చల్లబోతూ కూడా, కింద ఎవరూ లేరని తెలిసి కూడా, "రాయొస్తున్నదో" అని లోపల అనుకుని ఆగుతాను. చేలోంచి అక్క గొంతు ఓయ్ అనేదాకా ఆగాలని అనిపిస్తుంది. గింజలు పిడికిట్లోనే ఉంటాయి. పిట్టలు వచ్చి పిట్టగోడ మీద వాలి, చూసి చూసి లేచిపోతాయి.