బంగాళదుంప ముద్ర

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి నేనొక చవక సినిమాకి అసిస్టెంటు డైరెక్టరుగా పనిచేశాను. చేయని హత్య నెత్తిన పడి పారిపోయే ఆడమనిషి కథ. పాత హిందీ సినిమాకి రీమేకు. అందులో ఆమెకు న్యాయం జరిగేది ఒక రీలు, చీర చిరిగేది పది రీళ్ళు. మాకు కావలసింది ఆ పది రీళ్ళే. పెళ్ళిళ్ళు తీసే వీడియో కెమెరా అద్దెకు తెచ్చుకుని బేతంచెర్ల రాతి గనుల్లో దిగాం.

రాళ్ళ మీద పరిగెత్తనని హీరోయిన్ మొండికేసింది. ఆమె బదులు, బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఒకామెను పరిగెత్తించాం. ఆమె భర్త లారీ కింద పడి చనిపోయాడు. తమ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పని కోసం ఆమె ఎదురుచూస్తోంది. రాతిపొడిలోంచి బయటపడడానికి ఆమెకున్న దారి అదొక్కటే.

సినిమాలో పోలీసు నోటీసు రాసింది నేనే. ‘భర్తను చంపి పరారైన ఈ స్త్రీ ఆచూకీ తెలిపినవారికి తగిన బహుమానం.’ బంగాళదుంప చెక్కి, కింద గుండ్రటి ముద్ర కూడా వేసి మురిసిపోయాను. హీరోయిన్ ఫోటో హైదరాబాదు నుంచి రాలేదు. దూరం షాటే కదా అని ఈమె ఫోటో అడిగి తీసుకున్నాం. బడి పనికి అర్జీ పెట్టడానికి తీయించుకున్న ఫోటో అది.

రైల్వే స్టేషను ఎదుటి గోడకు ఆ నోటీసును మైదాపిండి జిగురుతో అంటిస్తుంటే ఆమె నవ్వింది.

“అయిపోయినాక పీకేస్తారు గదప్పా?”

“పీకేస్తాం లేమ్మా,” అన్నాను.

షాటు అయ్యేసరికి కర్నూలు బస్సు కదులుతోంది. అందరూ పరుగెత్తారు. నేనూ పరుగెత్తాను. కాగితం గుర్తుకు రాక కాదు. వానకు తడిసి అదే ఊడిపోతుందిలే అనుకున్నాను. సీమలో వాన మీద భారం వేసిన బుద్ధి నాది.

రెండు నెలలకు మిగిలిన షాట్ల కోసం వెళితే కాగితం అక్కడే ఉంది. ఆమె లేదు. స్టేషను దగ్గర టీ కొట్టాయన్ని అడిగాను.

“ఊరిడిసి పాయ. మొగుణ్ణి సంపిందంట గదా, పోలీసోళ్ళే కాగితం ఏసినారు. అట్లాంటామె చేతి కూడు పిల్లోళ్ళకు ఎట్లా పెడతారు? బడి పని ఇంగొకరికిచ్చినారు.”

అది సినిమా కోసం నేను రాసిందని చెప్పాను. “పెండ్లి కెమెరాతో సినిమానా?” అని నవ్వాడు.

ఫ్యాక్టరీలో వాకబు చేసి కడప వెళ్ళాను. ఆమె ఒక హోటలు వెనక గిన్నెలు తోముతోంది. కాళ్ళు పట్టుకోవాలనిపించింది, పట్టుకోలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“సినిమాలో ఆయమ్మ కడాకు ఏమైతాదప్పా?”

“తప్పు చేయలేదని తేలుతుందమ్మా. కోర్టు కాగితం వస్తుంది.”

“అట్లాంటిదే నాకూ ఒకటి రాయి. ఆ గోడకే ఏయి.”

రాశాను. ‘పాత నోటీసు సినిమా కోసం రాసినది. అందులో ఫోటో ఉన్న స్త్రీ ఏ తప్పూ చేయలేదు.’ మళ్ళీ దొంగ ముద్ర వేయడానికి చేతులు రాలేదు. కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. బేతంచెర్ల వెళ్ళి, మొన్న పీకితే సగమే ఊడిన పాతదాన్ని గోళ్ళతో గీకి, కొత్తది అంటించాను.

టీ కొట్టాయన వచ్చి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. కాగితం అడుగున వేలు పెట్టి చూపించాడు.

“దీనికి ముద్ర యాడప్పా?”